బ్లాక్ కరెంట్ పొదను ఏళ్ళ తరబడి కాయించడం ఎలా

కొనుక్కొచ్చి నాటిన మొక్కను అదే రోజు నేలకు రెండంగుళాల ఎత్తులో కత్తిరించేయమంటే ఎవరికైనా చెయ్యి రాదు. నాకూ రాలేదు. మొదటిసారి బ్లాక్ కరెంట్, అంటే గుత్తులుగా పుల్లటి చిన్న నల్ల కాయలు కాసే పొద, నాటినప్పుడు మూడు కొమ్మలతో ముచ్చటగా ఉన్న మొక్కను మోడు చేయడానికి మనసొప్పక అలాగే వదిలేశాను. మరుసటి వేసవిలో గుప్పెడు కాయలు కాసింది, సంబరపడ్డాను. నాలుగో ఏడు వచ్చేసరికి అవే మూడు కొమ్మలు నల్లగా ముదిరి, పొడుగ్గా సాగి, చివర్లలో మాత్రం కాసిన్ని ఆకులూ పదో పరకో కాయలూ మిగిలాయి. దాని పక్కనే ఏడాది ఆలస్యంగా నాటి, చెప్పినట్టే మోడు చేసిన మొక్క నేలలోంచి గుబురుగా పిలకలు తోసి దాన్ని ఎప్పుడో దాటిపోయింది.

ఈ పొద విషయంలో ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా పనులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. నిరుడు పెరిగిన కొమ్మ మీదే ఈ ఏడు కాపు ఎక్కువ. ఆ తర్వాత ఏటికేడు తగ్గుతూ వస్తుంది. నాలుగేళ్ళు దాటిన కొమ్మ పొదకు బరువే తప్ప దానివల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. రెడ్ కరెంట్ దీనికి తోబుట్టువే అయినా దాని పద్ధతి వేరు. అది ముదురు కొమ్మల మీద, పొట్టి రెమ్మల దగ్గర కాస్తుంది. రెడ్ కరెంట్ కోసం చెప్పిన సలహా పట్టుకుని బ్లాక్ కరెంట్‌ను కత్తిరిస్తే వచ్చే ఏటి కాపును మన చేత్తో మనమే కోసి పారేసినట్టు. ఎరువు వేసినా, నీళ్ళు పోసినా, కత్తెర పట్టినా, అన్నీ ఏటా కొత్త కొమ్మ పుట్టించడం కోసమే.

మీ చలికాలం దీనికి సరిపోతుందా?

రైబీస్ నైగ్రమ్ అనే ఈ పొద పుట్టిల్లు ఐరోపా, ఉత్తర ఆసియా చలి ప్రాంతాలు. చలికాలంలో ఆకంతా రాల్చి నిద్రపోతుంది. ఆ నిద్ర చాలకపోతే వసంతంలో మొగ్గలు కొన్ని విచ్చుకుంటాయి, కొన్ని ముడుచుకునే ఉంటాయి, పూత పలచబడుతుంది. చాలా రకాలకు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన వెయ్యి గంటలకు పైగా చలి కావాలి. అంటే ఏటా రెండు మూడు నెలలైనా గట్టి చలి పట్టే చోటు ఉండాలన్నమాట. చలికి దీనికి భయం లేదు, నిద్రలో ఉన్నప్పుడు సున్నాకు చాలా దిగువకు పడిపోయినా తట్టుకుంటుంది. పడనిది వేడి, ఉక్క. ఉష్ణ ప్రాంతపు మైదానాల్లో కుండీలో పెట్టి నీడలో దాచినా నాలుగు ఆకులు వేస్తుందేమో గానీ కాయ ఆశించకండి. అలాంటి చోట ఉన్నవాళ్ళు దీని మీద డబ్బూ శ్రమా పెట్టవద్దని నా మనవి.

కేకుల్లో వేసే ఎండు కరెంట్లు తిన్నవాళ్ళు ఇవీ అవీ ఒకటే అనుకుంటారు. కాదు. అవి చిన్న నల్ల ద్రాక్షను ఎండబెట్టినవి. గ్రీసులోని కోరింత్ పట్టణం పేరు మీద వాటికి ఆ పేరు వచ్చింది, పోలికను బట్టి ఆ పేరే ఈ కాయకూ అంటుకుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు మొక్క కొనేముందు తమ రాష్ట్రంలో దీన్ని పెంచడానికి అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. వైట్ పైన్ చెట్లను చంపే ఒక తుప్పు తెగులు శిలీంధ్రం తన జీవితంలో సగభాగం పైన్ చెట్ల మీద, సగభాగం ఈ జాతి పొదల మీద గడుపుతుంది. కలపనిచ్చే అడవులను కాపాడుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ దేశమంతటా దీని సాగును నిషేధించారు. 1966లో ఆ నిషేధం ఎత్తేసి నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేశారు. న్యూయార్క్ 2003లో తలుపు తెరిచింది, కొన్ని రాష్ట్రాలు ఇప్పటికీ తెరవలేదు. దగ్గర్లో వైట్ పైన్ తోపులుంటే చట్టం ఒప్పుకున్నా సరే తెగులును తట్టుకునే రకమే వేయండి.

ఏ రకం తెచ్చుకోవాలి

స్కాట్లండ్‌లోని డండీ దగ్గర పరిశోధన కేంద్రంలో పుట్టిన చాలా రకాలకు అక్కడి కొండల పేర్లు పెట్టారు, అందుకే అవి 'బెన్' అని మొదలవుతాయి. వాటిలో బెన్ లోమండ్ ఆలస్యంగా పూస్తుంది కాబట్టి వసంతంలో చివరి మంచు పడే చోట్ల అక్కరకొస్తుంది. బెన్ కానన్ త్వరగా పండుతుంది, కాయ పెద్దది, బూడిద తెగులును బాగా ఆపుకుంటుంది. బెన్ సారెక్ మీటరు, మీటరుంబావు ఎత్తుకు మించదు, చిన్న పెరడుకీ కుండీకీ అదే మేలు. కాకపోతే కాపు బరువుకు కొమ్మలు నేలకు వాలిపోతాయి, నాలుగు కర్రలు పాతి చుట్టూ తాడు కట్టాలి. మొగ్గల్లో దూరి వాటిని పాడుచేసే మొగ్గ నల్లి బెడద ఉన్న చోట బెన్ హోప్. కోసిన కాయ నేరుగా నోట్లో వేసుకోవాలనుకుంటే బిగ్ బెన్. స్వీడన్ రకం టైటానియా బూడిద తెగులునూ, పైన చెప్పిన తుప్పు తెగులునూ తట్టుకునే రకంగా పేరు తెచ్చుకుంది.

ఒక్క పొద ఉన్నా కాస్తుంది, దాని పుప్పొడి దానికి పనికొస్తుంది. కానీ ఒకే సమయంలో పూసే రెండు వేర్వేరు రకాలు పక్కపక్కన ఉంటే కాయ బాగా నిలుస్తుంది, పెద్దదిగానూ ఊరుతుంది. చోటుంటే రెండు నాటండి.

రకం కన్నా ముఖ్యమైనది మొక్క ఆరోగ్యం. వైరస్ లేదని ధ్రువీకరించిన మొక్కనే నర్సరీలో అడిగి తెచ్చుకోండి. ఎవరో ప్రేమతో కొమ్మ ఇస్తామన్నా, తల్లి పొదను మీరు కళ్ళారా చూడందే తీసుకోకండి. ఎందుకో కింద నల్లి గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

చోటు, నేల

ఎండ బాగా తగిలే చోటు మొదటి ఎంపిక. రోజులో కొంతసేపు నీడ పడినా ఫరవాలేదు, కాయ కాస్త తక్కువ, కాస్త పులుపు ఎక్కువ. గాలి నేరుగా కొట్టని చోటైతే పూత కాలంలో తేనెటీగలు, తుమ్మెదలు నిలిచి పనిచేస్తాయి. వాలు నేల అడుగు భాగం మాత్రం వద్దు, చల్లగాలి నీళ్ళలాగే కిందికి జారి అక్కడ నిలుస్తుంది, పూతను అదే చంపుతుంది.

నేల విషయంలో ఇది తిండిపోతు మొక్క. బంకనేలైనా సర్దుకుంటుంది, తేమ ఇష్టం, కానీ వారం తరబడి నీళ్ళు నిలిచే గుంట పనికిరాదు. నేల పులుపు, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. నాటడానికి నెల ముందే చోటు తవ్వి గరికలాంటి మొండి కలుపు వేళ్ళను ఏరేయండి. ఈ పని బద్ధకించకూడదు. బ్లాక్ కరెంట్ వేళ్ళు పైపైనే పాకుతాయి, రేపు వాటి మధ్యలోంచి గరిక వేరు లాగాలంటే రెండూ కలిసి వస్తాయి. తవ్విన మట్టిలో మొక్కకు రెండు బకెట్ల చొప్పున బాగా మాగిన పశువుల ఎరువో కంపోస్టో కలపండి.

నాటే రోజు

మట్టి లేకుండా ఉత్త వేళ్ళతో అమ్మే మొక్కను ఆకు రాలిన తర్వాత, మళ్ళీ చిగురించకముందు, నేల గడ్డకట్టని రోజు చూసి నాటాలి. చవకా ఇదే, కుదురుకునేదీ ఇదే. కుండీలో పెరిగిన మొక్కను ఎప్పుడైనా నాటొచ్చు, అయినా శరదృతువు చివరే మేలు.

నాటే ముందు ఉత్త వేళ్ళను గంటసేపు నీళ్ళలో నానబెట్టండి. వేళ్ళు మడత పడకుండా విశాలంగా పరుచుకునేంత గుంత తవ్వండి. ఇప్పుడు కాండం మొదట్లో చూడండి, నర్సరీలో మట్టి ఎక్కడిదాకా ఉండేదో చెప్పే రంగు మార్పు ఒకటి కనిపిస్తుంది. ఆ గీత నేల మట్టానికి 5 సెం.మీ. కిందికి పోయేలా నాటాలి. సాధారణంగా పండ్ల మొక్కలను లోతుగా నాటవద్దంటారు కదా, ఇక్కడ కావాలనే లోతుగా పెడతాం. మట్టిలో పూడిన కాండపు మొగ్గలే పిలకలై పైకి వస్తాయి. ఈ మొక్కకు ఒక్క మాను అక్కర్లేదు, నేలలోంచి గుత్తిగా లేచే పిలకల పొద కావాలి.

మట్టి కప్పి, మడమతో మెల్లగా అదిమి, నిండుగా నీళ్ళు పోయండి. పొదకూ పొదకూ మధ్య ఒకటిన్నర మీటరు, గుబురు రకాలకు 1.8 మీటర్లు వదలండి. ఇప్పుడు చిన్నగా ఉంది కదా అని దగ్గర దగ్గరగా నాటితే నాలుగో ఏట గాలి ఆడక తెగుళ్ళు పట్టుకుంటాయి.

ఇక కత్తెర తీసుకోండి. ఉత్త వేళ్ళతో తెచ్చిన మొక్క అయితే కొమ్మలన్నీ నేలకు 5 సెం.మీ. ఎత్తులో, ఒకటి రెండు మొగ్గలు మాత్రం మిగిలేలా కత్తిరించండి. కుండీ మొక్కను ఎదుగుదల కాలంలో నాటితే ఆ పని మొదటి శీతాకాలంలో చేయండి. దీనివల్ల మరుసటి వేసవి కాపు పోతుంది, నిజమే. కానీ ఆ ఏడు మొక్క తన బలమంతా వేళ్ళ మీదా పిలకల మీదా పెడుతుంది. ఆ పిలకలే రెండో వేసవిలో మీకు మొదటి అసలైన కాపునిస్తాయి. మిగతా మాటలన్నీ మరిచిపోయినా ఈ ఒక్క మాట వినండి.

కుండీలో పెంచేవాళ్ళు కనీసం 45 సెం.మీ. వెడల్పున్నది ఎంచుకుని, తోటమట్టి కలిసిన బరువైన మిశ్రమం వాడండి. రెండు మూడేళ్ళకోసారి కుండీ లేదా మట్టి మార్చాలి. వేసవిలో నీళ్ళు ఒక్క రోజు మరిచినా కుండీ మొక్క మీద ఆ దెబ్బ కనిపిస్తుంది.

తిండి, నీళ్ళు

కొత్త కొమ్మ పుట్టించాలంటే నత్రజని కావాలి. చలి తగ్గుముఖం పట్టి మొగ్గలు ఉబ్బే సమయానికి పొద చుట్టూ చదరపు మీటరుకు 30 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ చల్లండి. రసాయనం వద్దనుకుంటే రెండు గుప్పెళ్ళ కోళ్ళ ఎరువు గుళికలు వేయండి. దాని మీద ఐదారు సెం.మీ. మందాన మాగిన పశువుల ఎరువో కంపోస్టో పరవండి. ఈ పరుపు తేమను పట్టి ఉంచుతుంది, కలుపును అణుస్తుంది, పైపైన ఉన్న వేళ్ళను చల్లగా ఉంచుతుంది. పొద మొదట్లో పార, గొడ్డలి, కలుపుతీసే గుద్దలి దేన్నీ తగలనివ్వకండి. కలుపు చేత్తోనే పీకండి.

ఎరువు మంచిదన్నాను కదా అని వేసవి నడిమిలో మళ్ళీ మళ్ళీ నత్రజని పోస్తే మాత్రం లేత కొమ్మ మెత్తగా బలిసి బూడిద తెగులును పిలుస్తుంది. వసంతంలో ఒక్కసారి చాలు.

నీళ్ళు పిందె కట్టినప్పటి నుంచి కాయ ఊరేదాకా కీలకం. వాన లేని వారాల్లో పది రోజులకోసారైనా వేళ్ళ లోతుదాకా తడిసేలా పోయండి. పైపైన రోజూ చిలకరించడం వల్ల లాభం లేదు. కాయ నల్లబడడం మొదలయ్యాక నీళ్ళు తగ్గించండి. ఎండిపోయిన నేలకు ఒక్కసారిగా నీళ్ళు పెడితే పండిన కాయ తోలు పగిలి రసం కారిపోతుంది.

పూత, మంచు

ఏటికోసారి ఎంత శ్రద్ధగా కత్తిరించినా, పూత విచ్చిన రాత్రి మంచు పడితే ఆ ఏడు కాపు పోయినట్టే. పూలు ఆకుల మధ్య చిన్న గంటల్లా, ఆకుపచ్చా గోధుమా ఊదా కలిసిన రంగులో, కంటికి అంతగా ఆనకుండా వేలాడతాయి. అందుకే చాలామంది పూత వచ్చిందనే గమనించరు. వాతావరణ సూచనలో రాత్రి సున్నాకు పోతుందని ఉంటే సాయంత్రమే పొద మీద మొక్కలకు కప్పే పలచటి తోట బట్ట గానీ పాత దుప్పటి గానీ కప్పండి. కొమ్మలకు అంటుకోకుండా కర్రలు ఆనించండి. తెల్లవారి తప్పనిసరిగా తీసేయండి, లేకపోతే తుమ్మెదలు లోపలికి రాలేవు. బరువైన తుమ్మెదలే ఈ పూలకు ముఖ్యమైన చుట్టాలు, చల్లటి మబ్బు రోజుల్లోనూ అవి పనికి వస్తాయి. పూత కాలంలో ఏ పురుగుమందూ కొట్టవద్దు.

కత్తిరింపు

మొదటి మూడేళ్ళు పెద్దగా పని లేదు. నేల మీద పాకే కొమ్మలనూ విరిగినవాటినీ సన్నటి పుల్లల్లాంటివాటినీ తీసేస్తే చాలు. నాలుగో శీతాకాలం నుంచి అసలు పని మొదలవుతుంది.

ఆకు రాలిన తర్వాత, చిగురు వేయకముందు, ఎండగా ఉన్న ఒక పొద్దుట పొద ముందు కూర్చోండి. నిలబడి చూస్తే పైభాగమే కనిపిస్తుంది, ఈ పని మొదట్లో జరగాలి. కొమ్మల రంగు చూడండి. నిరుడు పుట్టిన కొమ్మ లేత గోధుమ రంగులో నున్నగా ఉంటుంది. రెండేళ్ళది బూడిద రంగుకు తిరుగుతుంది. ముదురుది నల్లగా, బెరడు గరుకుగా, పొలుసులు రేగి ఉంటుంది. మీరు కోయాల్సింది ఆ నల్లవాటిని. మొత్తం కొమ్మల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతుదాకా, అన్నిటికన్నా ముసలివాటిని ఎంచుకుని, నేలకు ఆనించి కోసేయండి. మందంగా ఉంటే చేతి కత్తెర చాలదు, పొడుగు పిడుల కత్తెరో చిన్న రంపమో వాడండి.

పైన పైన కత్తిరించడం, చుట్టూ గుండ్రంగా చెక్కడం ఈ పొదకు చేసే పెద్ద అపకారం. కొమ్మ చివర్లు తుంచితే నిరుడు పెరిగిన భాగమే, అంటే కాయాల్సిన భాగమే, పోతుంది. కింద ముసలి మొదళ్ళు అలాగే ఉండిపోతాయి. ఒక ముసలి కొమ్మలో సగం ఎత్తున బలమైన కొత్త రెమ్మ లేచి ఉంటే మాత్రం దాన్ని వదులుకోవాల్సిన పనిలేదు, ఆ రెమ్మకు పైన ఉన్న ముసలి కొమ్మ భాగాన్ని కోసి రెమ్మను నిలుపుకోండి. కోత అయ్యాక పొద నడుమ వెలుతురు పడాలి, చెయ్యి లోపలికి పోనిచ్చి కొమ్మలకు రాసుకోకుండా తీయగలగాలి.

సమయం కలిసొచ్చే ఇంకో పద్ధతి ఉంది. కాయ కోసే రోజునే, కాపుతో ఉన్న ముసలి కొమ్మను మొదలంటా కోసి బల్ల మీద పెట్టుకుని నింపాదిగా కాయలు తీసుకోవచ్చు. నడుం వంచే పని తప్పుతుంది, మిగిలిన లేత కొమ్మలకు వేసవి ఎండ తగిలి అవి గట్టిపడతాయి. నేను ఏటా సగం కొమ్మలు ఇలాగే తీస్తాను, మిగతావి శీతాకాలానికి ఉంచుతాను, ఎందుకంటే ఆకు రాలాకే పొద ఆకారం స్పష్టంగా తెలుస్తుంది.

ఎవరో ఏళ్ళ తరబడి వదిలేసిన పొద మీ చేతికి వచ్చిందా? నల్ల మొదళ్ళు తప్ప ఏమీ లేకపోతే శీతాకాలంలో అన్నిటినీ నేలమట్టంగా కోసి, ఎరువు పోసి, నీళ్ళు పెట్టండి. వేళ్ళు బాగుంటే పిలకలు దండిగా వస్తాయి, వాటిలో సన్నవి తీసేసి పది పన్నెండు గట్టివి ఉంచండి. ఒక్క ఏడు కాపు పోతుంది, అంతే.

ఉబ్బిన మొగ్గ: దీన్ని మాత్రం వదలకండి

చీడల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ చెప్పాలనుకునేది మొగ్గ నల్లి గురించి. కంటికి కనిపించనంత చిన్న ఈ నల్లులు మొగ్గలోకి దూరి వేల సంఖ్యలో పెరుగుతాయి. శీతాకాలం చివర కొమ్మను దగ్గరగా పట్టుకుని చూడండి. ఆరోగ్యంగా ఉన్న మొగ్గ సన్నగా, కొనదేలి, కొమ్మకు ఆనుకుని ఉంటుంది. నల్లి పట్టిన మొగ్గ బఠాణీ గింజలా, బుల్లి క్యాబేజీలా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. వసంతంలో అది విచ్చుకోదు, అలాగే ఎండిపోతుంది. మొదటిసారి చూసినవాళ్ళు మొగ్గ బాగా బలిసిందని మురిసిపోయే ప్రమాదం ఉంది.

నల్లి తినేది కొన్ని మొగ్గలే, అసలు నష్టం అది మోసుకొచ్చే వైరస్‌తో. ఆ వైరస్ పట్టిన పొద పైకి పచ్చగానే, గుబురుగానే కనిపిస్తుంది, కాయ మాత్రం ఏటికేడు తగ్గిపోతుంది. ఆకులో ఈనెలూ అంచు గంట్లూ తగ్గి ఆకు సాదాగా మారుతుంది. పూమొగ్గ మీద ఉండాల్సిన సన్నటి నూగు పోయి రంగు ముదురుతుంది. దీనికి మందు లేదు. ఇలాంటి పొదను వేళ్ళతో సహా తవ్వి నాశనం చేయడం తప్ప దారి లేదు. ఆ గుంతలోనే మళ్ళీ బ్లాక్ కరెంట్ నాటకండి, వేరే చోటు చూడండి.

నల్లి మాత్రమే ఉండి మొగ్గలు పదీ ఇరవై ఉబ్బి ఉంటే చలికాలంలోనే వాటిని ఏరి కాల్చేయండి లేదా గట్టిగా మూటకట్టి చెత్తలో వేయండి. పూత సమయానికి నల్లులు బయటికొచ్చి గాలికీ పురుగుల కాళ్ళకీ అంటుకుని పక్క పొదకు పోతాయి కాబట్టి ఆలోపే పని అయిపోవాలి. కంపోస్టు గుంటలో మాత్రం వేయకండి. కొమ్మ నిండా ఉబ్బిన మొగ్గలుంటే కొమ్మనే కోసేయండి.

మిగతా చీడలతో సర్దుకుపోవచ్చు. వసంతంలో లేత ఆకులు ముడతలుపడి పసుపెక్కితే వెనక్కి తిప్పి చూడండి, పేనుబంక ఉంటుంది. వేళ్ళతో నలిపేసినా, నీళ్ళ ధార కొట్టినా తగ్గుతుంది. ఆకులు ఈనెలు తప్ప మిగలకుండా పోతుంటే నల్లచుక్కల ఆకుపచ్చ పురుగులు పొద నడుమ నుంచి తినుకుంటూ వస్తున్నట్టు, చేత్తో ఏరేయండి. కొమ్మ చివర తెల్లటి పొడి చల్లినట్టుంటే బూడిద తెగులు, ఆ చివర్లు కోసి, పొదకు గాలి ఆడేలా చేసి, వేళ్ళకు నీటి కొరత లేకుండా చూడండి. ఆకు మీద గోధుమ మచ్చలు వచ్చి ముందే రాలుతుంటే రాలిన ఆకంతా ఊడ్చి తీసేయండి, తెగులు ఆ ఆకుల్లోనే చలికాలం గడుపుతుంది.

పక్షుల సంగతి వేరు. కాయ రంగు తిరిగిన రోజు నుంచే వాటి కన్ను దాని మీదే. రంగు తిరగకముందే వల కప్పండి, బిగువుగా, నేల దాకా. వదులుగా వేలాడే వలలో పిట్టలు చిక్కుకుని చచ్చిపోతాయి. రోజుకోసారి చూసి రండి.

కోత

కాయ నల్లబడగానే కోయాలనిపిస్తుంది. ఆగండి. నల్లబడ్డాక ఇంకో వారం పొద మీదే ఉంటే పులుపు తగ్గి తీపి పడుతుంది. ఒకటి తీసి వేళ్ళ మధ్య నొక్కితే కొంచెం మెత్తగా ఉండి, కొరికితే లోపలి రసం ముదురు ఎరుపులో ఉంటే సరైన సమయం. పొడి రోజు చూసి కోయండి, తడిగా కోసిన కాయ ఒక్కరోజుకే బూజు పడుతుంది.

కొత్త రకాల్లో గుత్తి అంతా ఒకేసారి పండుతుంది, కాబట్టి గుత్తిని కాడతో సహా తుంచండి. పాత రకాల్లో గుత్తి మొదట్లో కాయలు ముందు, కొసన ఉన్నవి తర్వాత పండుతాయి, రెండు మూడు విడతలు తప్పదు. కుదురుకున్న పొద నుంచి 4, 5 కిలోలు వస్తాయి. బాగా చూసుకుంటే పదిహేనేళ్ళు దాకా కాపు ఉంటుంది.

ఒక్కో కాయకూ కాడ తీయడం విసుగు పుట్టించే పని. దానికి చక్కటి ఉపాయం ఉంది. గుత్తులను కడిగి, తడి ఆర్చి, పళ్ళెంలో పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక సంచిలో వేసి కుదిపితే కాయలు కాడల నుంచి రాలిపోతాయి. జామ్ చేసేవాళ్ళు ముందు కాయను కొద్ది నీళ్ళలో తోలు మెత్తబడేదాకా ఉడికించి, ఆ తర్వాతే పంచదార వేయాలి. ముందే వేస్తే తోలు గట్టిపడి నోట్లో తగులుతుంది. జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ ఇందులో సహజంగానే ఎక్కువ, విడిగా కలపనక్కర్లేదు. విటమిన్ సి 100 గ్రాముల పచ్చి కాయలో సుమారు 180 మి.గ్రా. ఉంటుంది, నారింజకు మూడు రెట్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బయటి నుంచి నారింజలు రాక బ్రిటన్‌లో పిల్లలకు ఈ కాయ రసంతో చేసిన సిరప్ పంచారు.

కోసిన కొమ్మలతో కొత్త పొదలు

శీతాకాలం మొదట్లో కత్తిరించినప్పుడు లేత గోధుమ రంగు కొమ్మలు కొన్ని చేతికి వస్తాయి. పొద మీద ఉబ్బిన మొగ్గ ఒక్కటీ లేదని, వేసవిలో బాగా కాసిందని నమ్మకం ఉంటేనే వీటిని వాడండి. గోటితో మొగ్గను నలిపి వాసన చూడండి, ఘాటైన, పిల్లి మూత్రాన్ని గుర్తుచేసే ఆ వాసన బ్లాక్ కరెంట్‌దే. రెడ్ కరెంట్ మొగ్గకు అది ఉండదు, ఆకులేని రోజుల్లో రెంటినీ విడదీసేందుకు ఇదే సులువు.

పెన్సిల్ మందాన ఉన్న కొమ్మను 20 నుంచి 25 సెం.మీ. ముక్కలు చేయండి. కింది కోత కణుపు కిందుగా అడ్డంగా, పై కోత మొగ్గ మీదుగా ఏటవాలుగా ఉంటే తలకిందులుగా నాటే పొరపాటు జరగదు. రెడ్ కరెంట్‌కు కింది మొగ్గలు గిల్లేస్తారు, దీనికి ఒక్కటీ గిల్లకూడదు, పిలకలు రావాల్సింది వాటి నుంచే. గుల్లగా తవ్విన నేలలో 15 సెం.మీ. ఎడంగా, పైన రెండు మొగ్గలు మాత్రం కనిపించేలా గుచ్చి మట్టిని అదమండి. మంచుకు నేల ఉబ్బి ముక్కలు పైకి లేస్తే మళ్ళీ అదమండి. వేసవి అంతా తడి ఆరనివ్వకుండా, కలుపు లేకుండా చూడండి. మరుసటి శీతాకాలానికి చాలావరకు వేళ్ళు పట్టి ఉంటాయి. వాటిని తవ్వి తీసి, సొంత చోట 5 సెం.మీ. లోతు ఎక్కువగా నాటి, ఆ రోజే నేలకు రెండు మొగ్గల ఎత్తున కత్తిరించండి.